ఒక్కగానొక్క పిల్లికూన తల్లి పాలు వదలనంటోంది, ఏం చేయాలి?

తెనాలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అటక మీద ఒక వీధిపిల్లి పిల్లలు పెట్టింది. నాలుగింటిలో ఒక్కటే మిగిలింది. దానికి ఈ ఆదివారంతో ఏడు వారాలు నిండుతాయి, బరువు 640 గ్రాములు. తల్లి పాలు తప్ప ఏదీ ముట్టడం లేదు. పాలన్నం, పెరుగన్నం, పాలలో నానబెట్టిన బిస్కెట్టు అన్నీ పెట్టి చూశారట, మూతి దగ్గరికి తెస్తే తల తిప్పేస్తుందట. వాళ్ళింట్లో మాంసం వండరు. తల్లిని రెండు రోజులు బయట ఉంచి తలుపేస్తే ఆకలికి అదే దారికొస్తుందని ఒకరన్నారు. తల్లి చన్నులకు వేపాకు ముద్ద రాయమని ఇంకొకరన్నారు. రెండింటిలో ఏది మంచిదని అడుగుతున్నారు.

రెండూ వద్దండి. పాలు మాన్పించడం తల్లి పని, తిండి అలవాటు చేయడం మన పని. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే అందరికీ టెన్షన్. కూన రోజూ నాలుగుసార్లు కడుపు నిండా తినడం మొదలుపెడితే పాలు వాటంతట అవే వెనక్కి పోతాయి. ముందు పాలు ఆపేసి తర్వాత తిండి పెడదామనుకుంటే మాత్రం మధ్యలో కూన నీరసించిపోతుంది. ఏడు వారాల కూన ఒళ్ళో దాచుకున్న బలమంటూ పెద్దగా ఏమీ ఉండదు. సగం రోజు ఏమీ తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

నేను డాక్టర్ని కాను. కాకినాడలో మా పెరట్లో పద్నాలుగేళ్ళుగా వీధిపిల్లులకు, తల్లి లేని కూనలకు చోటిస్తున్నాను. చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్క పెట్టలేదు గానీ, పాలు వదలని మొండివి ఓ డజను దాకా ఉంటాయి.

ముందు మీ కూన బరువు సంగతి. కూన పుట్టినప్పుడు దాదాపు 100 గ్రాములు ఉంటుంది. ఆ తర్వాత రోజుకు పది, పదిహేను గ్రాములు పెరగాలి. ఆ లెక్కన ఏడు వారాలకు దాదాపు 590 నుంచి 835 దాకా, సగటున 700 పైన ఉండాలి. మన వీధిపిల్లుల కూనలు కాస్త చిన్నవిగానే ఉంటాయి కాబట్టి 640 అంటే కొంచెం వెనకబడింది, అంతే. హడలిపోయేంత లేదు. కానీ నాలుగు కూనల పాలు ఒక్కటే తాగుతూ కూడా ఎందుకు వెనకబడిందో ఆలోచించండి. తల్లికి మూడు, నాలుగు వారాల దగ్గర పాలు బాగా పడతాయి, ఆ తర్వాత తగ్గుతూ వస్తాయి. కూన అవసరం మాత్రం పెరుగుతూ పోతుంది. మీ కూన రోజంతా పాలు పట్టుకుని వేలాడుతోందంటే కడుపు నిండి కాదు, నిండకే.

అందుకని ఈరోజే వంటింటి కాటా ఒకటి తీసుకోండి, గ్రాముల్లో చూపించేది. స్టీలు గిన్నెలో పాత టవల్ ముక్క వేసి, సున్నా చేసి, కూనను కూర్చోబెట్టండి. రోజూ ఉదయం ఒకే సమయానికి, తిండికి ముందు తూచి కాగితం మీద రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ కాగితం చూసే. బరువు పెరుగుతున్నంత కాలం కూన ఎంత మొండికేసినా మీకు టైముంది. వరసగా రెండు రోజులు కదలకపోయినా, ఒక్కరోజు తగ్గినా ప్రయోగాలు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

తర్వాత, అది తినను అంటోందా, తినలేకపోతోందా అన్నది తేల్చుకోండి. నేను ఒకసారి ఇక్కడే దెబ్బతిన్నాను. రాగి అని ఒక ఎర్రచారల కూన ఉండేది. మూడు రోజులు రకరకాలుగా పెట్టాను, వాసన కూడా చూడలేదు. మొండిదని తిట్టుకున్నాను కూడా. నాలుగో రోజు వెలుతురులో పట్టుకుని చూస్తే ముక్కు రంధ్రాల చుట్టూ జిగురు ఎండి పెచ్చు కట్టి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, ఒత్తకుండా నానబెట్టి తుడిచాను. అదే గంటలో తిన్నది. పిల్లికి తిండంటే ముందు వాసన. ముక్కు మూసుకుపోతే దాని లెక్కలో ఎదురుగా ఉన్నది తిండే కాదు. రాగికి జలుబు కూడా ఉంది, తర్వాత మందు వాడాల్సి వచ్చింది. మీ కూన తుమ్ముతోందా, కళ్ళ వెంట నీరు కారుతోందా చూడండి. నోరు మెల్లగా తెరిచి నాలుక మీద పుండ్లు ఉన్నాయేమో, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా తెల్లగా పాలిపోయాయా చూడండి. ఈ వయసుకి కోరపళ్ళు, దవడపళ్ళు కూడా వచ్చేసి ఉండాలి, కాబట్టి నమలలేదన్న భయం అక్కర్లేదు.

పొట్ట ఉబ్బి వెన్నెముక చేతికి తగులుతుంటే నులిపురుగులు ఉన్నట్టే అనుకోవచ్చు. ఇవి తల్లి పాల ద్వారా కూడా కూనకు వస్తాయి. మామూలుగా డాక్టర్లు రెండు, మూడు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టి, రెండు వారాలకోసారి వేస్తారు. మీ కూనకు ఇప్పటిదాకా వేయకపోతే ముందు ఆ పని చూడండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పశువుల ఆసుపత్రిలో అడిగే వేయించండి. మనుషుల సిరప్ ఇంట్లో ఉంది కదా అని వేయకండి. తల్లికీ అదే రోజు వేయిస్తే మంచిది.

ఇక ఒంటరి కూనల సంగతి. నలుగురైదుగురు ఉన్నచోట నాలుగు వారాలు దాటేసరికి తల్లి ఒళ్ళు హూనమైపోతుంది. సూదుల్లాంటి పళ్ళు గుచ్చుకుంటాయి, పాలు చాలవు, కూనలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తల్లి విసుక్కుని లేచిపోతుంది, గోడ మీదో ఫ్రిజ్ మీదో పడుకుంటుంది. తోసుకోవడంలో ఓడిపోయిన కూన పళ్ళెం దగ్గరికి ముందు వస్తుంది, దాన్ని చూసి మిగతావి వస్తాయి. మీ ఇంట్లో ఇవేవీ జరగడం లేదు. ఒక్క కూన తల్లికి పెద్ద బరువు కాదు, అందుకే కాదనడం లేదు. కూనకు పోటీ లేదు, చూసి నేర్చుకోవడానికి తోడూ లేదు. ఒక్కగానొక్క బిడ్డ గారాబమే, ఇంకేం కాదు.

కాబట్టి తల్లిని దూరం చేయకండి, తల్లికి ఎత్తు ఇవ్వండి. కూన ఎక్కలేని స్టూలో, బీరువా పైభాగమో, కిటికీ గట్టో ఖాళీ చేసి గోనెసంచి పరిచి పెట్టండి. తల్లులు రెండు రోజుల్లో ఆ చోటు కనిపెట్టేస్తాయి. తప్పించుకునే వీలు దొరికితే అది రోజులో చాలా గంటలు అక్కడే ఉంటుంది, ఇష్టమైనప్పుడు దిగి పాలిస్తుంది. మీరు తలుపేసి చేయాలనుకున్న పని అదే తాపీగా చేస్తుంది.

తలుపేసే పని నేను చేసి చూశాను, నా తొలి రోజుల్లో. ఒక్క రాత్రే. తల్లి వంటింటి కిటికీ పట్టుకుని తెల్లవార్లూ అరిచింది. కూన లోపల మూల చేరి వణికింది తప్ప పళ్ళెం వైపు చూడలేదు. పొద్దున తూస్తే నలభై గ్రాములు తగ్గింది. తల్లికి రెండు చన్నులు రాయిలా గట్టిపడి, ఒకటి ఎర్రగా కాలిపోతూ ఉంది. చీము పట్టి పది రోజులు ఇంజెక్షన్లు, మందులు. అది చాలదన్నట్టు నా మీద నమ్మకం పోయి, కోలుకున్న వెంటనే కూనను నోట కరుచుకుని పక్కింటి కట్టెల పాకలోకి మార్చేసింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మొదటి ఇల్లు మనమే కాలదన్నుకుంటే ఎలా చెప్పండి?

వేపాకు సంగతి. మా అత్తగారూ ఇదే చెప్పేవారు, పసిపిల్లలకు పాలు మాన్పించేటప్పుడు తల్లులు రాసుకునేవారు కదా అని. మనిషి తన ఒళ్ళు తాను నాకదు, పిల్లి నాకుతుంది. మీరు రాసిందంతా పావుగంటలో దాని కడుపులోకి పోతుంది, మిగిలింది కూన కడుపులోకి. వేపనూనె అయితే మరీ ప్రమాదం, పిల్లి శరీరం అలాంటివి తట్టుకోలేదు. పైగా తల్లి వాసన మారిపోతే కూన బెదిరిపోతుంది. కారం, పసుపు, జిల్లేడు పాలు, కలబంద లాంటి సలహాలు కూడా వస్తుంటాయి. దేన్నీ దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు తినిపించే పద్ధతి. ఇందులో కిటుకంతా తల్లి చేత చూపించడంలో ఉంది. 1978లో వాండా విర్వికా అనే శాస్త్రవేత్త తల్లిపిల్లులకు అరటిపండు తినడం నేర్పి చూశారు. కూనలు కూడా తల్లిని చూసి అరటిపండు తిన్నాయి! అరటిపండే తిన్నప్పుడు అసలైన తిండి తినదా? మనం చెంచా పట్టుకుని వెంటపడితే నేర్చుకోనిది, తల్లి నాలుగు ముద్దలు నమిలి చూపిస్తే నేర్చుకుంటుంది.

తల్లి తిరుగుడుకి బయటికి వెళ్ళినప్పుడు, లేదా మీరే కూనను పక్క గదిలోకి తీసుకెళ్ళి, ఒక రెండు గంటలు విడిగా ఉంచండి. రెండు గంటలే, అంతకు మించి వద్దు. నిద్రపోయి లేస్తుంది, ఆకలి వేస్తుంది. అప్పుడు ఇద్దరినీ ఒకచోట చేర్చి, పాలకు అవకాశం రాకముందే రెండు పళ్ళాలు పక్కపక్కన పెట్టండి. తల్లి నిలబడి తింటుంది, నిలబడితే చన్నులు అందవు. కూన తల్లి కాళ్ళ మధ్య తచ్చాడుతుంది, మూతి వాసన చూస్తుంది. ఆ అయిదు నిమిషాలే మీకు కావాల్సినవి. తిన్నా తినకపోయినా ఆ తర్వాత పాలు తాగనివ్వండి, శిక్ష వేసినట్టు అడ్డుపడొద్దు. ఇలా రోజుకు నాలుగుసార్లు.

జీడి అని నల్లటి కూన, మీ దానిలాగే ఒక్కతే. ఆరు రోజులు నేను చేసిన ముద్దలన్నీ కాదంది. మిక్సీలో వేశాను, వేలితో పెట్టాను, ఏదీ లాభం లేదు. ఏడో రోజు తల్లికి ఉడికించిన నెత్తళ్ళు టిఫిన్ డబ్బా మూతలో పెట్టాను. జీడి అలవాటుగా తల్లి పొట్ట కిందికి దూరబోయి జారి, మొహం మూతలో పెట్టేసింది. మీసాలకు చేపల నీళ్ళు అంటుకున్నాయి. కూలబడి నాకడం మొదలుపెట్టింది, నాకుతూ నాకుతూ మధ్యలో ఆగిపోయింది, ఇదేంటబ్బా అన్నట్టు. తర్వాత ఒక చేప తలకాయ లాక్కుని మంచం కిందికి పారిపోయి కన్నతల్లి మీదే గుర్రుమంది. ఆ రోజు నుంచి వెనక్కి చూడలేదు. మెత్తటి జావ నుంచే మొదలుపెట్టాలని రూలేం లేదని నాకు అప్పుడు తెలిసింది. కొన్ని కూనలకు ముద్ద నచ్చదు, పీచులా చీల్చిన ముక్క కావాలి. రెండూ పెట్టి చూడండి.

పళ్ళెం పల్చగా ఉండాలి. లోతు గిన్నెలో తల పెట్టాలంటే మీసాలు అంచులకు తగులుతాయి, చాలా కూనలకు అది నచ్చదు. డబ్బా మూతలు, కాఫీ సాసర్లు బాగా పనికొస్తాయి. తిండి గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద వేసుకుంటే చల్లగానూ అనిపించకూడదు, కాలకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసింది నేరుగా పెడితే వాసనే రాదు. ముద్దను కొంచెం పై పెదవికి గానీ ముందరి పాదానికి గానీ రాయండి, నాక్కుంటుంది. మూతిని పట్టుకుని పళ్ళెంలో ముంచకండి, ముక్కుకు పూయకండి, సిరంజీతో గొంతులోకి కొట్టకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సిరంజీ తప్పనిసరైన రోజు వస్తే డాక్టర్ దగ్గర చూసి నేర్చుకోండి. కూన నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండాలి, పసిబిడ్డలా వెల్లకిలా పట్టకూడదు.

మీరు పెట్టినవి అది తినకపోవడం నిజానికి దాని తప్పు కాదు. పాలన్నం, పెరుగన్నం, బిస్కెట్టు పిల్లికి తిండి కావు. తరాలుగా మన ఇళ్ళలో పిల్లులు పెరుగన్నం తిన్నాయి నిజమే, కానీ అవి పక్కన ఎలుకలూ తొండలూ తిని బతికాయి. కూనకు ఆ దారి ఇంకా తెలియదు. ఆవుపాలతో పోలిస్తే పిల్లిపాలలో ప్రోటీన్ రెండింతలు ఉంటుంది. ఆవుపాలు పట్టిస్తే కడుపు నిండినట్టు ఉంటుంది, బలం రాదు, చాలా కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈ సైజులో రెండు రోజుల విరేచనాలంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఇంట్లో పాల సాసరు పెట్టడం ఈరోజుతో ఆపేయండి, దాని బదులు నీళ్ళు పెట్టండి. పసిపిల్లల డబ్బా ఆహారం కూడా ఇదే కోవ, అది ధాన్యం పిండి.

మీ ఇంట్లో మాంసం వండరు, అర్థమైంది. వండక్కర్లేదు. పెంపుడు జంతువుల దుకాణంలో 'కిట్టెన్' అని స్పష్టంగా రాసి ఉన్న పౌచ్‌లు, డ్రై ఫుడ్ దొరుకుతాయి. మొదట పౌచ్‌తో మొదలుపెట్టండి, వాసన ఎక్కువ. డ్రై ఫుడ్ అయితే వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి చిదిమి పెట్టాలి. మొదటి వారం జావగా, తర్వాత రోజురోజుకూ నీళ్ళు తగ్గిస్తూ రండి. కూనల పాలపొడి దొరికితే మామూలు నీళ్ళ బదులు దాన్ని కలిపి జావ చేస్తే తెలిసిన రుచిలా ఉంటుంది. కానీ పౌచ్ ఖర్చు కలిసొస్తుందని దాన్ని అన్నంలో కలిపి పెట్టకండి. టారిన్ అనే పోషకం ఒకటి పిల్లి శరీరం తనంతట తాను సరిపడా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి, సహజంగా అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. అది తక్కువైతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. గుండె జబ్బుకూ దానికీ ఉన్న సంబంధాన్ని 1987లో కాలిఫోర్నియాలో కనిపెట్టారు, ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచాయి. పిల్లిని శాకాహారిగా పెంచడం కుదరదండి, దాని ఒళ్ళు అలా కట్టలేదు.

మాంసం వండే ఇళ్ళవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. బోన్‌లెస్ చికెన్‌ను వట్టి నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళతోనే మిక్సీ పట్టి పెట్టొచ్చు. ఉప్పు, పసుపు, కారం ఏవీ వద్దు. బిర్యానీ ముక్క కడిగి పెట్టామంటారు కొందరు. ఉల్లి, వెల్లుల్లి రసం ముక్క లోపలికి ఇంకి ఉంటుంది, కడిగితే పోదు. ఉల్లిపాయ పిల్లి రక్తకణాలను పగలగొడుతుంది. వట్టి చికెన్ కూడా అలవాటు చేయడానికి బాగుంటుంది గానీ, నెలల తరబడి అదొక్కటే పెడితే ఎముకలకు కావాల్సిన కాల్షియం అందదు. నెల తిరిగేలోపు కిట్టెన్ ఫుడ్‌లోకి మార్చండి.

ఎంత తినాలి అంటారా? మొదటి రోజు అర చెంచా నాకినా గొప్పే. వారం చివరికి ఒక్కో పూటకు రెండు, మూడు చెంచాలు తింటుంటే బాగా నడుస్తున్నట్టు. తిండి మారినప్పుడు ఒకటి రెండుసార్లు మెత్తగా వెళ్తే పర్వాలేదు. నీళ్ళలా అయినా, రక్తం కనబడినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తిండి మొదలయ్యాక తల్లి దాని మలాన్ని నాకి శుభ్రం చేయడం మానేస్తుంది, కాబట్టి ఇసుక పోసిన ట్రే ఒకటి తిండికి దూరంగా పెట్టండి. తడిస్తే ఉండకట్టే రకం లిట్టర్ ఈ వయసులో వద్దు, కూనలు దాన్ని కూడా నోట్లో పెట్టుకుంటాయి.

పూర్తిగా పాలు మానడానికి ఎనిమిది, తొమ్మిది వారాలు పట్టినా, పది పట్టినా కంగారు లేదు. తిండి బాగా తింటూ నిద్రకు ముందు కాసేపు పాలు చప్పరిస్తే చప్పరించనివ్వండి. 2017లో హెల్సింకీ విశ్వవిద్యాలయం వాళ్ళు 5,700కు పైగా పిల్లుల గురించి వాటి యజమానులు ఇచ్చిన వివరాలు చూస్తే, ఎనిమిది వారాల లోపే తల్లి నుంచి వేరైన వాటిలో కోపం, కరిచే గుణం ఎక్కువగా కనబడ్డాయి. ఎవరికైనా పెంపకానికి ఇచ్చే ఆలోచన ఉంటే పన్నెండు వారాల దాకా ఆగండి, ఒంటరి కూన అయితే మరీను. తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి ఎంత గట్టిగా కరవొచ్చో దానికి నేర్పేది తల్లే. జీడి తొమ్మిదేళ్ళ పిల్లి ఇప్పుడు, కొత్త దుప్పటి వేస్తే ఇప్పటికీ చప్పరిస్తుంది. మా ఇంట్లో ఏ ఉన్ని దుప్పటికీ మూలలు సరిగ్గా లేవు.

తల్లి గురించి కూడా కొంచెం. పాలు తగ్గుతున్న రోజుల్లో చన్నులు రోజూ తడిమి చూడండి. కొంచెం బిగువుగా ఉంటే అదే తగ్గుతుంది, పిండకండి, కాపడం పెట్టకండి. పిండితే ఇంకా పాలు పడతాయి. వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే కసురుకునేలా ఉంటే డాక్టర్‌కు చూపించాలి. ఇంకోటి, కూన పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ కడుపుతో ఉండొచ్చు, అది చాలామందికి తెలియదు. పాలు ఎండిన రెండు వారాలకు ఆపరేషన్ చేయించేయండి, లేకపోతే నాలుగు నెలల్లో ఇదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు, నాలుగు కూనలతో.

ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన గుర్తులు: కూన ఒళ్ళు చల్లబడటం, మెడ వాల్చేయడం, చిగుళ్ళు తెల్లబడటం, భుజాల మధ్య చర్మం పట్టి వదిలితే గుడారంలా నిలబడిపోవడం, పాలు కూడా వదిలేయడం. దారిలో వెచ్చగా చుట్టి ఉంచండి, చిక్కటి పంచదార నీళ్ళు ఒక చుక్క చిగుళ్ళకు రాయండి, తాగించకండి.

రేపు ఉదయం బరువు, ముక్కు ఎలా ఉందో, పురుగుల మందు ఎప్పుడు వేశారో రాయండి. పౌచ్ కొంటే ముందు సగం తల్లికి పెట్టండి, కూనను ఎదురుగా కూర్చోబెట్టి.